లప్పం నీళ్లు తాగుతది

మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమిద్దరమే, నేనూ చిన్నాయన కొడుకు. దసరా సెలవులకు దౌల్తాబాద్ దగ్గరి మా తండాకు పోయినం.

అన్న పాత జీపు వెనక భాగం కోసి, రేకులు వెల్డింగ్ చేసి కూరగాయలకు తొట్టి కట్టిండు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి, బండి రూపు మార్చడానికి అర్జీ రాసింది మేము. రంగు మటుకు ఆర్‌సీలో ఉన్న తెలుపే. తమ్ముడు ఎరుపు కావాలని అలిగిండు.

సెక్షన్లు తెలుసు కదా అని రంగు పని కూడా మేమే పట్టినం. సొట్టలు కొట్టి, తుప్పు గీకి, లప్పం పెట్టి, నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్దినం. ఆరకముందే ప్రైమర్ కొట్టినం. తెల్లారి తలుపు నిండ పొక్కులు! లప్పం నీళ్లు తాగుతదని మాకెవరు చెప్పిండ్రు? డబ్బా ప్రైమర్, కంప్రెసర్ కిరాయి, బాపు రెండు రోజుల కూలి పోయినయి. బాపు ఒక్క మాట అనలె. అదే ఎక్కువ గుచ్చింది.

మళ్లీ ఇనుము దాకా గీకినం. లప్పాన్ని ఈసారి 80 నంబర్, తర్వాత 180, 320, అన్నీ పొడిగానే రుద్దినం. ప్రైమర్ పలచగా రెండుసార్లు కొట్టి, బాగా ఆరినంక 600 పేపర్. (మాస్కు లేకుండ గన్ పట్టకండి, రాత్రంతా తల పగిలింది.)

మా కంటికి తలుపు అద్దమోలె ఉంది. బాపు కండ్లు మూసుకొని అరచెయ్యి జరిపిండు. "ఇక్కడ ఎత్తుంది రా" అన్నడు. చూస్తే నిజమే. బస్సు టైమైంది, సంచులు ఎత్తుకున్నం. ఆ ఒక్క చోట అన్ననే రుద్దిండు.