ఉత్తరాల మేడ

అట్లాంటా వెళ్లొచ్చిన మనవాళ్లను అక్కడ ఏం చూశారని అడగండి. కోకాకోలా మ్యూజియం, అక్వేరియం, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, 1996 ఒలింపిక్స్ పార్కు... దాదాపు అందరూ చెప్పేవి ఇవే. వాటికి అట్టే దూరంలో లేదు, పాన్స్ డి లియాన్ వీధిలోని ఎర్ర ఇటుకల మేడ. దాదాపు ఇరవై లక్షల చదరపు అడుగుల కట్టడం. మధ్యలో కోట బురుజులా లేచిన భాగాన్ని చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సిందే!

దీన్ని 1926లో సియర్స్ రోబక్ కంపెనీ కట్టించింది. కుట్టుమిషన్లు, బట్టలు, బూట్లు, పొలం పనిముట్లు... అన్నింటినీ బొమ్మలతో అచ్చువేసి, ఆ లావుపాటి పుస్తకాన్ని పల్లెపల్లెకూ పోస్టులో పంపేవారు. కావాల్సింది కాగితం మీద రాసి పంపితే చాలు, సరుకు ఇంటికొచ్చేది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఆర్డర్లకు ఈ మేడే కేంద్రం. సరుకు ఎక్కించేందుకు పక్కనే రైలు పట్టాలు.

ఆ పుస్తకం చేసిన మేలు మరొకటుంది. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న రోజులవి. ఊళ్లో దుకాణానికి వెళ్తే నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల బేరాలన్నీ అయ్యేదాకా నిలబడాలి. పోస్టులో వెళ్లే చీటీకి మాత్రం ఆ తిప్పలు లేవు. డబ్బు కడితే సరుకు వచ్చేది.

కాలం మారింది. 1979లో ఇక్కడి దుకాణం, 1987లో మిగిలిన కార్యాలయం మూతపడ్డాయి. 1990లో నగరపాలక సంస్థ మేడను కొని ‘సిటీ హాల్ ఈస్ట్’ అని పేరు పెట్టుకుంది. అంత పెద్ద భవనంలో వాడుకున్నది కొంతే. 2011లో జేమ్స్‌టౌన్ అనే సంస్థ కొని బాగుచేయించింది. 2014లో ‘పాన్స్ సిటీ మార్కెట్’గా తలుపులు తెరిచారు. తినుబండారాల దుకాణాలు, ఇళ్లు, ఆఫీసులు, మిద్దె మీద ఆటస్థలం... ఒకటేమిటి! మన వీధి తిండిని తలపించే ‘బోటీవాలా’ 2016లో వచ్చింది.

పక్కనున్న రైలు దారీ మారిపోయింది. పాత పట్టాల వెంట ఊరిచుట్టూ 22 మైళ్ల బాట వేస్తే ఎలా ఉంటుందని జార్జియా టెక్ విద్యార్థి ర్యాన్ గ్రావెల్ 1999లో తన సిద్ధాంత వ్యాసంలో రాశాడు. అదే ‘బెల్ట్‌లైన్’ అయింది. ఈ మేడ పక్కనుంచి వెళ్లే భాగం 2012లో తెరిచారు. సాయంత్రమైతే సైకిళ్లు, కుక్కపిల్లలు, చంటిపిల్లల బళ్లతో జాతరే!

కోతి తెచ్చిన కోట్లు

2015లో ఈ మేడలోకి ఓ కంపెనీ దిగింది. పేరు మెయిల్‌చింప్. చిన్న వ్యాపారులు తమ ఖాతాదారులకు ఈమెయిళ్లు పంపుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఇవ్వడం దాని పని. ఒకప్పుడు పోస్టులో పుస్తకాలు పంపి వ్యాపారం పెంచుకున్నవాళ్ల ఇంట్లోకి, ఈమెయిళ్లతో వ్యాపారం పెంచేవాళ్లు చేరారన్నమాట!

దాని వెనకున్నది బెన్ చెస్ట్‌నట్, డాన్ కర్జియస్. బెన్ తల్లిది థాయ్‌లాండ్. ఇంటి వంటగదిలోనే జుట్టు కత్తిరించి సంపాదించేది. డాన్ తండ్రిది బేకరీ, పెద్ద దుకాణాల పోటీకి నిలవలేకపోయింది. ఇద్దరూ కాక్స్ సంస్థలో ఉద్యోగం పోగొట్టుకున్నాక వెబ్‌సైట్లు తయారుచేసే పని పెట్టుకున్నారు. మార్క్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా తొలినాళ్ల భాగస్వామి. చిన్న వ్యాపారులు వచ్చి ఈమెయిళ్లు పంపిపెట్టమని అడిగేవారు. అంతకుముందు ఎలక్ట్రానిక్ శుభాకాంక్షల కార్డుల కోసం రాసి మూలన పడేసిన ప్రోగ్రాం ఉంది. దాన్నే దుమ్ము దులిపి 2001లో మెయిల్‌చింప్ చేశారు. ఆ కార్డుల్లో జనం మెచ్చిన బొమ్మ చింపాంజీ. పేరు అలా వచ్చింది.

ఆరేళ్లు అది పక్కపనే. 2007లో వెబ్‌సైట్ల పని మానేసి దీనిమీదే కూర్చున్నారు. 2009లో కొంతవరకు ఉచితమన్నారు. ఏడాదిలో వాడేవాళ్లు 85 వేల నుంచి 4.5 లక్షలయ్యారు! ఈమెయిల్ పంపేముందు తెరమీద ఎర్ర మీటపై కోతి వేలు వణుకుతుండేది, చెమటలు కారుతుండేవి. వందలమందికి ఉత్తరం పంపబోయే చిరు వ్యాపారి గుండెదడ అదే కదా.

ఇంతా చేసి బయటి పెట్టుబడిదారుల దగ్గర పైసా తీసుకోలేదు. కంపెనీని అమ్మబోమనీ చెబుతూ వచ్చారు. ఆ ధీమాతోనే ఉద్యోగులకు వాటాలివ్వలేదు, లాభాల్లో కొంత పంచేవారు. 2021 సెప్టెంబరులో అసలు వార్త వచ్చింది. సుమారు 1,200 కోట్ల డాలర్లకు ఇన్‌ట్యూట్ కొనేస్తోంది! అప్పటికి ఉద్యోగులు దాదాపు 1,200 మంది. వాళ్లకు బోనస్‌గా ఇన్‌ట్యూట్ షేర్ల రూపంలో సుమారు 30 కోట్ల డాలర్లు కేటాయించారు. చిన్న మొత్తమేం కాదు. అయినా ఏళ్ల తరబడి చాకిరీ చేసిన కొందరికి మాత్రం మనసు చివుక్కుమంది. అమ్మబోమన్న మాట నమ్మి వాటా అడగని వాళ్ల బాధ అది. మరుసటి ఏడాది బెన్ పదవి నుంచి తప్పుకున్నాడు.

తప్పెవరిది? తామే కట్టుకున్న దుకాణాన్ని ఎవరికి అమ్ముకోవాలన్నది వాళ్లిష్టం. కానీ ఆ దుకాణం నిలబడటంలో ఎందరి చేతులున్నాయన్న ప్రశ్న అలాగే మిగిలింది.

వీధికి అవతల ఒకప్పుడు బేస్‌బాల్ మైదానం ఉండేది. మైదానం లోపలే ఓ మాగ్నోలియా చెట్టు. బంతి కొమ్మల్లో పడ్డా ఆట ఆగేది కాదు. 1966లో మైదానం పోయింది, చెట్టు మిగిలింది. సియర్స్ వెళ్లింది, నగర కార్యాలయం వెళ్లింది, మెయిల్‌చింప్ చేతులు మారింది. ఆ చెట్టు ఎర్ర మేడను చూస్తూ నిలబడే ఉంది... తర్వాతి అద్దెదారు ఎవరా అన్నట్టు!