అణుభారం 104

మా అన్నయ్య కూతురు పదో తరగతి పరీక్షలు రాసేసింది. ఇంకా ఇంటర్ లో చేరనే లేదు, అప్పుడే బ్రిడ్జ్ కోర్సు అని ఓ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టేశారు. అందులో కెమిస్ట్రీ మొదటి పాఠం మోల్ కాన్సెప్ట్. "బాబాయ్, నువ్వు ఇంజినీరువి కదా, ఈ మోల్ అంటే ఏంటో చెప్పవా" అంటూ మొన్న ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చుంది.

ఇంజినీరునే, కాదనను. కానీ ఒక సర్వర్ నించి ఇంకో సర్వర్ కి డేటా మోసుకుంటూ బతికే ఇంజినీరుని. కెమిస్ట్రీ పుస్తకం మూసేసి పదేళ్ళు దాటింది. అయినా పరువు సమస్య కాబట్టి, గొంతు సవరించుకుని "6.022 ఇంటూ 10 పవర్ 23" అన్నాను.

"అది నాకూ వచ్చు. అంటే ఏంటి?" అంది.

నిజం చెప్పొద్దూ, నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పదో తరగతిలో నాది పదికి పది జీపీఏ. ఇంటర్ లో మా సార్ షార్ట్ కట్లు నేర్పించారు, ఎంసెట్ లో ప్రశ్నకి నిమిషం కూడా పట్టకుండా సమాధానం వచ్చేది. అప్పచెప్పమంటే ఆవర్తన పట్టిక నిద్రలో కూడా అప్పచెప్పేవాడిని. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, 2020 మే 7 పొద్దున్న ఇవేవీ నాకు పనికిరాలేదు. ఆ రోజు నాకు ఫోన్ చేసింది ఈ పిల్ల వాళ్ళ నాన్నే.

మేముండేది మర్రిపాలెం. పెదనాన్న కొడుకు అన్నయ్య అప్పట్లో గోపాలపట్నంలో అద్దెకుండేవాడు, రెండో అంతస్తు. లాక్ డౌన్ రోజులు. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఇంటి నించే పని. తెల్లవారకముందే అన్నయ్య ఫోన్. "ఏదో గ్యాస్ లీకయిందంటన్నారు, వెంకటాపురం దగ్గర. కళ్ళు మండుతున్నాయి. కింద జనం పరిగెడుతున్నారు. నువ్వు ఇంజినీరువి కదరా, మేడ మీదకి ఎక్కమంటావా, కిందకి దిగి పారిపోమంటావా?"

నేనేం చేశానో చెప్తే మీకు నవ్వొస్తుంది. "ఆగన్నయ్యా, ఒక్క నిమిషం" అని గూగుల్ తెరిచాను. ఈలోగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపు నిద్రలేచింది. ఆ గ్రూపులో బీటెక్ లు తక్కువలో తక్కువ పదిహేను మంది. ఒకరు తడిగుడ్డ కట్టుకోమన్నారు, ఒకరు తలుపులేసుకుని పడుకోమన్నారు, ఒకరు పాలు తాగమన్నారు, అమెరికాలో ఉన్న బావగారు ఇంగ్లీషులో ఓ లింకు పంపారు. మేడ పైకా, కిందకా అన్న దానికి మాత్రం ఒక్కరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు.

నాన్న వచ్చి నా చేతిలో ఫోన్ తీసుకున్నారు. ఆయన ఐటీఐ. స్టీల్ ప్లాంటులో కోక్ ఒవెన్స్ లో ముప్పై ఏళ్ళు చేశారు. అడిగిందల్లా ఒక్కటే. "గాలి ఎటేపు కొడతంది రా? ఎదురింటోళ్ళ డాబా మీద ఆరేసిన బట్టలేవైనా ఉంటే చూసి చెప్పు." అన్నయ్య చూసి చెప్పాడు. "అయితే గాలి ఎటెళ్తందో అటెళ్ళకు, ఎదురూ వెళ్ళకు. అడ్డంగా తప్పుకో. పల్లంలో బండి ఆపకు. ఇప్పుడే బయల్దేరు." అన్నయ్య, వదిన, మధ్యలో ఈ పిల్ల, ఒకే స్కూటీ మీద బయటపడ్డారు. దీనికప్పుడు పదేళ్ళు. ఆ రోజు పన్నెండు మంది పోయారు. పారిపోతూ రోడ్డు మీదే కూలిపోయిన వాళ్ళని తర్వాత టీవీలో చూశాం. వాళ్ళలో ఎంతమంది మా అన్నయ్య అడిగిన ప్రశ్నే ఎవరినో ఒకరిని అడిగుంటారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం ఊరికి పట్టలేదు లెండి, మళ్ళీ లీకయిందని పుకారొచ్చి అర్ధరాత్రి జనం రోడ్ల మీదకొచ్చేశారు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇంకోటి. కాగితం మీద స్టైరీన్ ఫార్ములా రాసుకున్నాను. కార్బన్లు 8, హైడ్రోజన్లు 8. కార్బన్ 12 చొప్పున 96, హైడ్రోజన్ 8, మొత్తం 104. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, 28. తర్వాత ఆక్సిజన్, 32. కలిపితే సగటున 29. అంటే స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. అంతే. తొమ్మిదో తరగతి లెక్క. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర ఒకే ఘనపరిమాణంలో ఏ వాయువైనా అణువుల సంఖ్య ఒకటే అని అవొగాడ్రో చెప్పాడు కదా.. కాబట్టి ఏ అణువు బరువైతే ఆ వాయువు బరువు. ఈ వాక్యం నేను పరీక్షల్లో కనీసం పాతికసార్లు రాసుంటాను. కానీ అన్నయ్య ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉందని తట్టలేదు.

పిల్లకి ఇదంతా చెప్తుంటే దాని మొహం మారిపోయింది. "నాకు ఆ వాసన గుర్తుంది బాబాయ్" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అదే పెన్ను తీసుకుని, "మరి మనింట్లో గ్యాస్?" అంది.

వేసి చూడమన్నాను. ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. రెండూ గాలి కంటే బరువే. అందుకే వంటగ్యాస్ లీకైతే నేల మీద పరుచుకుంటుంది. తలుపులు బార్లా తెరవాలి, స్విచ్ వెయ్యకూడదు అనేది అందుకే. ఈ మాట మా అమ్మకి ఎవరూ పాఠంగా చెప్పలేదు. 1997 సెప్టెంబర్ 14న మల్కాపురం దగ్గర హెచ్.పీ.సీ.ఎల్. రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు అరవై మంది దాకా చనిపోయారు. నేను పుట్టిన ఏడాదే అది. అప్పట్నించీ అమ్మ రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేస్తుంది, మళ్ళీ ఓసారి వచ్చి చూసుకుంటుంది. చాదస్తం అని నేను చాలాసార్లు విసుక్కున్నాను.

ఇక్కడో మాట చెప్పాలి, లేకపోతే నేనూ ఆ వాట్సాప్ బావగారిలా అయిపోతాను. 104 ని 29 తో భాగించేసి "బరువు కాబట్టి మేడెక్కెయ్" అనడం కూడా సగం చదువే. మూడున్నర రెట్లు అనేది అచ్చంగా స్టైరీన్ ఆవిరే ఉంటే. మామూలు ఉష్ణోగ్రత దగ్గర అది గాలిలో ఒక శాతం కూడా ఉండదు, అప్పుడా మిశ్రమం గాలికంటే కాస్తే బరువు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఆ రోజు వచ్చింది వేడెక్కిన ట్యాంకులోంచి ఎగదన్నిన ఆవిరి. అది చల్లబడేకొద్దీ పొగమంచులా తేలుతూ పోతుంది. మేడ మీద కూర్చుంటే గండం తప్పుతుందన్న హామీ ఏమీ లేదు. తడిగుడ్డా అంతే, స్టైరీన్ నీళ్ళలో దాదాపు కరగదు. అమోనియాకి అయితే తడిగుడ్డ కొంత పనికొస్తుంది, ఎందుకంటే అది నీళ్ళంటే పడిచస్తుంది. అందుకే నాన్న అణుభారం అడగలేదు, గాలి ఎటని అడిగారు.

అసలు ఆ ట్యాంకులో ఏమైందో కూడా చెప్పమంది. ఇదే నాకు బాగా ఇష్టమైన భాగం, ఇష్టం అనొచ్చో లేదో గానీ. స్టైరీన్ అణువులు ఊరుకోవు, ఒకదానికొకటి చేతులు పట్టుకుని గొలుసు కడతాయి. అదే పాలిమరీకరణం. మనం వాడి పారేసే థర్మోకోల్ ఆ గొలుసే. గొలుసు కట్టేటప్పుడు వేడి పుడుతుంది, ఉష్ణమోచక చర్య. వేడికి చర్య ఇంకా జోరందుకుంటుంది, జోరుకి ఇంకా వేడి. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అని ఇంటర్ లో చదివాం కదా, అది. మన భాషలో చెప్పాలంటే ఒక రిక్వెస్టు ఫెయిలైతే పది రీట్రైలు, ఆ పదీ ఫెయిలైతే వంద.. పడుకోబెట్టేదాకా ఆగదు.

ఇది జరక్కుండా స్టైరీన్ లో టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. ఎంత? 10 నుంచి 15 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, అంటే టన్నుకి ఒక గ్రాము. ఆ ట్యాంకులో ఉన్నది 1,800 టన్నుల పైచిలుకు. "లెక్కెయ్యి" అన్నాను. 10 పీపీఎం లెక్కన వేసి, తప్పేమో అని మళ్ళీ వేసి, "పద్దెనిమిది కిలోలా?" అంది. అవును, పద్దెనిమిది కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా కంటే తక్కువ. స్కూటీ మీద ముందు పెట్టుకుని తీసుకుపోవచ్చు. లీకయ్యాక గుజరాత్ లోని వాపి నుంచి 500 కిలోలు విమానంలో తెప్పించాల్సొచ్చింది. బస్తా పడేస్తే సరిపోయేది అని నేననట్లేదు. అది ట్యాంకంతా కలవాలి, దానికి కాస్త ఆక్సిజన్ అందాలి, పైగా నిల్వలో ఖర్చైపోతూ ఉంటుంది, చూసుకుంటూ ఉండాలి. ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. నిరోధకం సరిపడా లేదని, చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్ళు ఆపేసేవారని, ఉష్ణోగ్రత చూసే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉందని, సైరన్ మోగించలేదని అందులో ఉంది. వేడి ద్రవం పైకి చేరుతుంది, థర్మామీటరేమో అడుగున. డాష్ బోర్డు మొత్తం ఆకుపచ్చగా ఉండి, కస్టమర్ ఫోన్ చేసి చెప్తే గానీ సర్వర్ పడిపోయిందని తెలియని రాత్రులు మనలో ఎవరికి లేవు? మన దగ్గర మహా అయితే ఎవరి ఆర్డరో పోతుంది.

ఈపాటికి నాన్న పేపరు పక్కన పెట్టి వచ్చేశారు. మోల్ అంటే ఏంటని మనవరాలు ఆయన్నీ అడిగింది. ఆయనకి మోల్ తెలీదు, ఓరు తెలుసు. కేకే లైన్ మీద ఎర్ర దుమ్ముతో వచ్చే గూడ్స్ బళ్ళు చూశావు కదా, బైలదిల్లా నించి వస్తుంది, అందులో ఇనుము 64, 65 శాతం ఉంటే మంచి సరుకు అన్నారు. "ఎందుకు, 90 శాతం ఉండదా?" అంది. ఆయన నా వైపు చూశారు. నాకు ఆ క్షణంలో ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే ఈసారి జవాబు తెలుసు :) హెమటైట్ లో ఇనుము పరమాణువులు రెండు, 56 చొప్పున 112. ఆక్సిజన్లు మూడు, 48. మొత్తం 160. 160లో 112 అంటే సరిగ్గా 70 శాతం. ఒక్క రేణువు మట్టి లేని హెమటైట్ తెచ్చినా 70 దాటదు. నాన్న ముప్పై ఏళ్ళు ఆ ప్లాంటులో ఉండి ఆ 70 ఎక్కడిదో ఎవరూ చెప్పలేదంట. నేను ఆ 160 పరీక్షలో వంద సార్లు రాసి అది గూడ్స్ బండిలో ఉందని అనుకోలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నష్టపోయారో మీరే చెప్పండి.

అక్కణ్ణించి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ వచ్చాయి. నదులూ దేవతలూ కాదు, స్టీల్ ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. కోక్ కాలి కార్బన్ మోనాక్సైడు అవుతుంది, అది ఖనిజంలోంచి ఆక్సిజన్ ని లాక్కుని కార్బన్ డై ఆక్సైడు అయిపోతుంది. 112 కిలోల ఇనుముకి 132 కిలోల కార్బన్ డై ఆక్సైడు. ఇది కాగితం మీద లెక్క, నిజం కొలిమిలో ఇంకా ఎక్కువే. ఆ కొలిమి గ్యాస్ లో ఐదో వంతుకి పైన కార్బన్ మోనాక్సైడే ఉంటుంది. పిల్ల వెంటనే దాని అణుభారం వేసింది. 28.

"గాలి 29, ఇది 28. పైకీ పోదు, కిందకీ పోదు. మరెటు పోతుంది తాతయ్యా?"

"ఎటూ పోదమ్మా, మనతోనే ఉంటది. రంగుండదు, వాసనుండదు. అందుకే జేబులో మీటరు పెట్టుకుని తిరిగేవోళ్ళం. అది కూసిందంటే ముందు బయటకి పరుగు, తర్వాతే మాటలు."

"అయితే అమోనియా 17. తేలిక. అది లీకైతే కిందకి వంగి కూర్చుంటే చాలు కదా?" అంది ధీమాగా.

నేను అవుననబోయాను. నాన్న తల అడ్డంగా ఊపారు. ట్యాంకులో అది చల్లగా, ద్రవంగా ఉంటుందని, బయటకొచ్చినప్పుడు చల్లటి తెల్ల మంచులా ముందు నేల మీదే పాకుతుందని, వేడెక్కాకే పైకి పోతుందని చెప్పారు. పిల్ల ఆ పక్కన పేజీ మార్జిన్ లో ఏదో రాసుకుంది. తర్వాత పేజీ తిప్పి లిమిటింగ్ రీఏజెంట్ దగ్గర వేలు పెట్టింది. నాకు అది గుర్తు లేదు. భోజనాలయ్యాక చెప్తానన్నాను. ఇప్పుడదే చదువుకుంటున్నా.