రెండు చివరలూ తెరిచిన బండి

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన కూతురు ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అమ్మ ఇచ్చిన కాఫీ టేబుల్ మీదే చల్లారిపోయింది. కాసేపయ్యాక నాన్న తలుపు తట్టాడు.

‘‘ఏటడిగారమ్మా?’’

‘‘నీకర్థం కాదులే నాన్నా!’’

ఆయన మళ్లీ అడగలేదు. విశాఖపట్నం రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. పీఎఫ్ డబ్బుల్లో సగానికి పైగా కూతురి ఇంజినీరింగ్ ఫీజులకే పోయాయి. ఆమెకిది మూడో కంపెనీ. మూడోసారీ చివరి మెట్టు మీదే కాలు జారింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమెకే మనసు ఒప్పలేదు. కోపం కంపెనీ మీద... మాట పడింది నాన్న! పక్కనున్న పేపరు అంచున పెన్నుతో వరసగా గళ్లు గీసింది.

‘‘చూడు నాన్నా! కస్టమర్ల నుంచి వచ్చే పనుల్ని వరసలో పెట్టాలి. ముందొచ్చింది ముందు తీయాలి. అర్జెంటు పనొస్తే ముందు చేర్చాలి. చిట్టచివర వచ్చినవాళ్లు వద్దంటే వెనక నుంచి తీసెయ్యాలి. రాశాను. పది పనులిస్తే బాగానే నడిచింది. లక్ష ఇచ్చేసరికి కదల్లేదు. టైమైపోయింది.’’

‘‘ఎందుకు కదల్లేదు?’’

ఆమె వాడింది మామూలు జాబితా. అందులో గళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తీసేస్తే ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని పూడ్చడానికి రెండోది మొదటి గడిలోకి, మూడోది రెండో గడిలోకి... ఇలా వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. లక్ష పనుల్లో ఒకటి తీస్తే 99,999 జరుగుతాయి. ఇంకోటి తీస్తే 99,998. అన్నీ తీసేసరికి మొత్తం జరుపుళ్లు దాదాపు 500 కోట్లు!

నాన్న గళ్లవంక చూసి నవ్వాడు.

‘‘అంటే... మొదటి బోగీ విప్పేస్తే, మిగతా బోగీల్లో జనమంతా సామాన్లు నెత్తినెట్టుకుని ఒక్కో బోగీ ముందుకు మారాలన్నమాట. ఎవరైనా అలా చేస్తారేటమ్మా? కప్లింగ్ విప్పితే సరిపోద్ది గదా!’’

కూతురి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటర్వ్యూలో ఆమెకు తట్టని జవాబు అదే మరి!

కంప్యూటర్ చదువులో దాని పేరు డబుల్ ఎండెడ్ క్యూ. ముద్దుగా ‘డెక్’. సినిమా టిక్కెట్ల క్యూలో వెనక చేరాలి, ముందు నుంచి వెళ్లాలి. దొంతరగా పేర్చిన కంచాల్లో పెట్టినా తీసినా పైనుంచే. డెక్‌లో మాత్రం రెండు చివరలా చేర్చొచ్చు, రెండు చివరలా తీయొచ్చు. విశాఖ స్టేషన్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే రైలు ఇక్కడికొస్తే, ముందున్న ఇంజన్‌ను విప్పి వెనకవైపు ఇంకోటి తగిలిస్తారు. నిన్నటిదాకా తోక అయినది ఇప్పుడు తల. బోగీల్లో కూర్చున్నవాళ్లు కదలక్కర్లేదు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2004 నుంచీ డెక్ సిద్ధంగా దొరుకుతోంది. దాని లోపలి అమరిక కూడా అచ్చం రైలే. ఒక్కో పెట్టెలో 64 గళ్లు. ప్రతి పెట్టెకూ తన ముందు పెట్టె ఏదో, వెనక పెట్టె ఏదో తెలుసు. చివరి పెట్టె నిండితే ఇంకోటి తగిలిస్తారు. ఖాళీ అయితే విప్పేస్తారు. లోపల ఎన్ని లక్షలున్నా చివర పనికి పట్టే సమయం పెరగదు.

‘‘అరవై నాలుగేనా? మన పాత స్లీపర్ బోగీలో డెబ్బై రెండు బెర్తులమ్మా!’’ అన్నాడు నాన్న. ఆ రోజంతా నవ్వని కూతురు అప్పుడు నవ్వింది.

‘‘మరి మధ్యలో బోగీ తీయాలంటే?’’ ఈసారి ప్రశ్న ఆయనదే.

‘‘కష్టమే నాన్నా.’’

‘‘మాకూ అంతే. బండిని రెండుగా విడగొట్టి, లాగి, మళ్లీ కలపాలి. బోలెడు పని.’’

డెక్ గుట్టంతా అక్కడే ఉంది. మధ్యలో చేయి పెట్టే పని తక్కువుంటేనే అది పనికొస్తుంది. ఆ సౌకర్యం వదులుకున్నందుకే రెండు చివరలా అంత వేగం. మనం కంప్యూటర్‌లో ఏదో రాసి, తప్పయితే ‘అన్‌డూ’ నొక్కుతాం. చివర చేసిన పని ముందుగా వెనక్కి పోతుంది. గుర్తుంచుకునే పనులకు హద్దు పెడితే, అది దాటగానే మరీ పాతది రెండో చివర నుంచి జారిపోవాలి. ఇలాంటి చోటే డెక్ అక్కరకొస్తుంది.

ఆ రాత్రే ఆమె ప్రోగ్రామ్ తిరగరాసింది. జాబితా స్థానంలో డెక్ పెట్టింది. పొద్దున్న కదలని లక్ష పనులు రెప్పపాటులో అయిపోయాయి!

వారం తర్వాత కాలేజీ లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చింది. డొనాల్డ్ నూత్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి భాగం. తొలిసారి అచ్చయింది 1968లో. డెక్ అనే పేరు పెట్టింది ష్వెప్పే అనే ఆయనని అందులో ఉంది. ఆ పేజీల్లోనే ఒక బొమ్మ. డెక్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నూత్ గీసింది... రైలు పట్టాలు! పెట్టెల్ని పట్టాలు మార్చే పోలికతో ఈ సంగతి చెప్పొచ్చని సూచించింది మరో ఉద్దండుడు డైక్‌స్ట్రా అట.

పుస్తకం తెరిచి నాన్న ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లిషు అక్షరాల జోలికి పోకుండా బొమ్మ మీద వేలు పెట్టాడు.

‘‘ఇది షంటింగ్ లైనే గదమ్మా! ఇక్కడ పాయింటు మారుద్ది. బండి ఇటెళ్తాది.’’

తప్పేం లేదు. అదే.

ఆ తర్వాత ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఫలితం వారంలో చెబుతామన్నారు. గుమ్మంలోనే నాన్న ఎదురయ్యాడు. అడగాలని ఉన్నా ఊరుకున్నాడు. కూతురే చెప్పులు విప్పుతూ మొదలుపెట్టింది.

‘‘ఈసారి ఏమడిగారో తెలుసా నాన్నా... కూర్చో, చెబుతాను.’’