‘వ్యక్తి’ అన్న మాట

న్యాయస్థానములో ఒక మాటకు చెప్పిన అర్థమునుబట్టి ఒకరి బ్రతుకు నిలుచును, మరొకరిది కూలును. మన దేశమున స్త్రీలు వకీలు వృత్తిలో ప్రవేశించిన కథయు అట్టి ఒక్క మాట చుట్టు తిరిగినదే. ఆ మాట ‘వ్యక్తి’.

1916లో రెజీనా గుహ అను విదుషి తన పేరును ప్లీడరుగా నమోదు చేయవలసినదని కలకత్తాలో కోరెను. ఎం.ఏ., బి.ఎల్. పట్టములు రెండును ఆమెకు కలవు. 1879 నాటి చట్టములో అర్హతగల ‘వ్యక్తి’ అనియే ఉన్నది. పుంలింగమున చెప్పినది స్త్రీకిని వర్తించునను సామాన్య సూత్రమును ఆనాడు ఉండనే ఉన్నది. అయినను ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి, ఆ చట్టములోని వ్యక్తి పురుషుడే యని తేల్చిరి. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకును అదే సమాధానము లభించెను. అదే సంవత్సరము, గంగకు ఎగువనున్న అలహాబాదు హైకోర్టు మాత్రము కార్నీలియా సొరాబ్జీని చేర్చుకొనెను. నది ఒక్కటే, ప్రభుత్వము ఒక్కటే. న్యాయము మాత్రము ఊరికొక తీరు. తుదకు 1923లో, స్త్రీ యన్న కారణమున ఎవరిని ఈ వృత్తికి దూరము చేయరాదని ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసి వచ్చెను.

కథ అంతటితో ముగిసియున్న బాగుండును. సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసెను. పట్టము చేతికందుటకు 30 ఏండ్లు పట్టెను. 1904 నుండి బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సులో ఉద్యోగము చేసి, ఘోషా స్త్రీల ఆస్తి తగాదాలను చక్కబెట్టెను. తీరా కలకత్తాలో ప్రాక్టీసు పెట్టిన పిదప ఆమెకు దక్కినది ఎక్కువగా అభిప్రాయములు వ్రాసియిచ్చు పనియే. నిలిచి వాదించు అవకాశము అరుదు. 1929లో ఆమె ఆ వృత్తిని విడిచెను. తలుపు తెరిచినవారు లోపల చోటు చూపలేదు.

ఆ వెలితి నేటికిని తీరలేదు. న్యాయవాది సాధారణముగా ఎవరికిని ఉద్యోగి కాడు. సీనియరు వద్ద చేరిన జూనియరుకు తరచు నియామకపత్రము ఉండదు, సెలవుల నిబంధన ఉండదు. వివక్ష జరిగినపుడు చూపుటకు కాగితమును ఉండదు. పెద్ద దావా మరొకరికి పోవును. భరణము కేసులు ఆమె బల్లమీదికి వచ్చును. “పెండ్లి అయిన తరువాత ఈ తిరుగుడు సాగునా, అమ్మా?” అని ఆప్యాయముగానే అడుగుదురు. ఆ ప్రశ్నకు అప్పీలు లేదు. దినమెల్ల పరుల కష్టములు మోసి, తన కష్టము చెప్పుకొనుటకు చోటులేని మనిషి లోలోపల అలసిపోవును. ఆ అలసటకే లోకము అసమర్థత యని పేరు పెట్టును.

2025 జనవరి 15న సుప్రీంకోర్టు, దేశములోని న్యాయస్థానముల ఆవరణలన్నిట పురుషులకు, స్త్రీలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు మరుగుదొడ్లు ఏర్పరచవలసినదని ఆదేశించెను. 1923 నాటి చట్టమునకు నూరేండ్లు దాటిన పిమ్మట వచ్చిన ఆదేశమిది. పేరు నమోదైన వ్యక్తికి శరీరమును ఉండునని గుర్తించుటకు ఇంతకాలము పట్టెను.

నల్లకోటు తొడిగి, కాగితముల కట్టతో కోర్టు వరండాలో తన కేసు పిలుపుకై నిలుచున్న యువతికి చట్టము ఇవ్వవలసినది ఇంకను కొంత మిగిలియున్నది. తక్కినది ప్రక్కన నిలుచున్న తోటి వకీళ్ళ చేతిలో నున్నది: ఒక మంచి దావా ఆమెకు అప్పగించుట, ఆమె వాదించునపుడు వినుట. వీటికి ఏ చట్టమును అక్కరలేదు.