మా అన్న కొడుకు బండి కొన్న కథ



పోయిన నెల కూటంలో ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, కొత్తగా సరుకు బండి కొనాలనుకుంటున్నాను. బేరం ఎట్లా చెయ్యాలి?" అని అడిగినాడు. నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే ఇంట్లో కూచొని నిదానంగా రాస్తున్నాను. నేను చదివింది తమిళ బళ్లో. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకొన్నది. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా అన్న కొడుకు కోవిల్‌పట్టిలో పదకొండేండ్లు ఇంకొకరి బండి తోలినాడు. అగ్గిపెట్టెల బండిళ్లు, కడలై మిఠాయి పెట్టెలు ఎక్కించుకొని మధురై, తిరునెల్వేలి, తూత్తుకుడి తిరిగే పని. సొంతంగా ఒక బండి వుంటే బాగుండునని చాలా రోజుల ఆశ. మా పక్క ఈ చిన్న సరుకు బండ్లను కుట్టి యానై అంటారు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానికి పట్టిన పేరు, ఇప్పుడు ఏ కంపెనీ బండికైనా అదే పేరు. కోడలు తన నెక్లేసు, గాజులు బ్యాంకులో కుదువ పెడితే 1,80,000 వచ్చింది. తక్కువ పడితే చెవుల కమ్మలు కూడా ఇస్తానని చెప్పింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1989లో మా అన్న అప్పు మీద లారీ కొన్నాడు. ఫైనాన్సు వాళ్లు చూపించిన చోటంతా సంతకం పెట్టినాడు. సగం కాగితాలు ఖాళీవే. మూడు కిస్తీలు తప్పినాయి. ఒక రాత్రి దారిలో నిలిపి బండి తీసుకొనిపోయినారు. కట్టిన దుడ్డు అంతా పోయింది. ఆ తరువాత మా అన్న ఇరవై అయిదేండ్లు ఊళ్లోవాళ్ల లారీలు తోలినాడు. నేను అప్పటికే గూడ్సు షెడ్డులో గుమాస్తా. ఊరంతా నాకు కాగితాలు చూపించి చదివించుకొనేవాళ్లు. మా అన్న కాగితం మాత్రం నేను చదవలేదు. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. చిన్నవాణ్ణి, అన్న పనిలో తలదూర్చేది ఏమని వూరకున్నాను. ఈ మాట ఇన్నేండ్లలో మా ఇద్దరి మధ్య ఒకసారి కూడా రాలేదు.

అందుకే పిల్లవాడు "చిన్నాయనా, నువ్వు కూడా రా" అన్నప్పుడు వెంటనే చొక్కా వేసుకొన్నాను. అన్న కూడా వచ్చినాడు. అది మార్గళి నెల, డిసెంబరు మూడో వారం. మన వాళ్లు మార్గళిలో కొత్త బండి తీయరు. షోరూమ్ ఖాళీగా వుంది. కొనేవాళ్లు లేని నెల, సంవత్సరం ముగిసే నెల రెండూ ఒకటే కావడం మనకు మంచిదే.

సేల్స్ కుర్రవాడు మర్యాదగా కూచోబెట్టి తమిళంలో అడిగిన మొదటి మాట, "నెలకు ఎంత కట్టగలరు?" మావాడు "పదమూడు వేల దాకా" అని చెప్పేసినాడు. అది మేము చేసిన మొదటి తప్పు. ఆ తరువాత ఏ లెక్క వేసినా 13,000 పక్కనే వచ్చి ఆగింది. మీ నెల కిస్తీ ఎంతో అమ్మేవాడికి చెప్పవద్దు. ముందు బండి ధర తేలాలి, అప్పు సంగతి ఆ తరువాత.

కుర్రవాడు కాగితం మీద మొత్తం వేసి ఇచ్చినాడు. రోడ్డు మీదికి వచ్చే ధర 7,21,000. "రేటు యాభై వేలకు పైగా తగ్గించి చెప్తున్నాం సార్" అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు గవర్నమెంటుది. "దాని మీద మీరు తగ్గించేది ఎంత?" అని అడిగితే నవ్వి వూరకున్నాడు.

అప్పుడు మేము మన వాళ్లందరికీ తెలిసిన పని చేసినాం. తెలుగులోకి మారినాం. మావాడు, "చిన్నాయనా, ఏడు లక్షలకు దిగితే ఒప్పుకొనేద్దామా?" అన్నాడు. "ఇంకా ఎచ్చు దిగుతాడు, వుండురా" అన్నాను నేను. అంగట్లో, బస్సులో, పెండ్లి చీరల కొట్టులో ఎన్నేండ్లుగా ఇట్లా మాట్లాడుకొంటున్నాం!

కుర్రవాడు తల ఎత్తి, "అయ్యా, మా ఇంట్లోనూ తెలుగే. మాది సాత్తూరు పక్క" అన్నాడు.

మా ముగ్గురి ముఖాలు ఎట్లా వుండి వుంటాయో మీరే అనుకోండి. తరువాత ఏమి జరుగుతుందో కూడా మీకు తెలుసు. ఏ ఊరు, ఇంటిపేరేమి, ఫలానా వాళ్లు మీకు ఏమవుతారు? టీ వచ్చింది. అతని పెద్దత్తను ఇచ్చింది మాకు తెలిసిన ఊళ్లోనే. పది నిమిషాల్లో బంధువులమైపోయినాం. "మనవాళ్లకు ఎచ్చు చెప్తానా అయ్యా, ఏడు లక్షలకు ముగిస్తాను" అని బుకింగు ఫారం ముందర పెట్టినాడు. మావాడు పెన్ను తీసుకొన్నాడు. నిజం చెప్తున్నాను, నేను కూడా అడ్డు చెప్పలేదు. మన భాష వినపడేసరికి నా మనసు మెత్తబడిపోయింది.

అంతవరకు నోరు తెరవని మా అన్న, "చదివి చెయ్యిరా" అన్నాడు.

ఆయన నన్ను చూడలేదు. కొడుకును చూసి అన్నాడు. నేను మాత్రం కళ్లద్దాలు తీసి పెట్టుకొన్నాను.

గూడ్సు షెడ్డులో మాకు ఒక పద్ధతి వుండేది. వ్యాపారి మీద ఏ ఛార్జి వేసినా దానికి ఒక రూలు వుండాలి. కిరాయి వేరే, వార్ఫేజి వేరే, డెమరేజి వేరే. "మొత్తం ఇంత" అని చెప్తే వ్యాపారి ఒప్పుకోడు, ఏ పంక్తి ఎందుకని అడుగుతాడు. నేను అదే ప్రశ్న ఇక్కడ అడిగినాను. ఒక్కో పంక్తి మీద వేలు పెట్టి, "ఈ దుడ్డు గవర్నమెంటుకు పోతుందా, ఇన్సూరెన్సుకు పోతుందా, మీకు నిలుస్తుందా?" అన్నాను.

రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ గవర్నమెంటువి. వాటికి రసీదు వుంటుంది, బేరం లేదు. హ్యాండ్లింగ్ ఛార్జి అని 8,500 వుంది. అది గవర్నమెంటుది కాదు, వాళ్లది. సీటు కవరు, మ్యాటు, స్టిక్కర్లు అని 14,000. మేము అడగనే లేదు. ఇన్సూరెన్సు 43,000. ఇందులో థర్డ్ పార్టీ ప్రీమియం గవర్నమెంటు నిర్ణయించేది, ఏ కంపెనీలోనైనా ఒకటే. మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగం మాత్రం కంపెనీ కంపెనీకి మారుతుంది. షోరూమ్ చూపిన కంపెనీలోనే తీసుకోవాలని చట్టం లేదు. అదే బండి, అదే విలువ చెప్పి బయట విచారిస్తే 34,500 అన్నారు. తేడా 8,500.

ఈ మూడూ కలిపితే 31,000. ఏడు లక్షలకు "ముగించి" వుంటే మాకు 21,000 తగ్గినట్టు సంతోషపడి, వాళ్ల సొంత పంక్తులే మాకు తిరిగి అమ్మించుకొని వుండేవాళ్లం.

ఆ రోజు సంతకం పెట్టలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంకొక కంపెనీ షోరూమ్‌కు పోయినాం. అక్కడా పంక్తి పంక్తిగా రాయించుకొన్నాం. నోటి మాట ధర కాదు, చేతిలో కాగితం వుంటేనే బలం. డిసెంబరు 29న మొదటి షోరూమ్‌కే తిరిగి వచ్చినాం. ఆ బండి తొట్టి పొడవు మాకు కావాల్సినది. అగ్గిపెట్టెలు బరువు తక్కువ, చోటు ఎచ్చు. వ్యాగన్లు నింపించినవాణ్ణి, నాకు అది తెలుసు. కుర్రవాడు ఎచ్చు బరువు మోసే మోడల్ చూపించినాడు, మాకు అక్కర లేదన్నాం.

ఈసారి మేనేజరు దగ్గరికి పోయి వచ్చి హ్యాండ్లింగ్, అలంకారం రెండూ కొట్టేసినాడు. ఇన్సూరెన్సు బయట తీసుకొంటామంటే సరేనన్నాడు. బండి ధరలో 18,000 తగ్గించినాడు. అంతా కలిపి 49,000 దిగి 6,72,000 అయింది.

ఇంక అప్పు. షోరూమ్‌లో చెప్పింది 5,00,000కు 7 శాతం, నాలుగేండ్లు. మా బ్యాంకులో 10.5 శాతం. వినేవాడికి 7 చవక అనిపిస్తుంది. కానీ ఆ 7 ఫ్లాట్ రేటు. అంటే అసలు తీరుతూ వచ్చినా చివరి నెల వరకు పూర్తి 5 లక్షలకే వడ్డీ. నాలుగేండ్లకు వడ్డీ 1,40,000, నెలకు 13,333. బ్యాంకు వడ్డీ మిగిలిన అసలు మీద మాత్రమే. నెలకు 12,802, మొత్తం వడ్డీ దగ్గర దగ్గర 1,14,500. ఆ 7 శాతాన్ని బ్యాంకు పద్ధతిలో లెక్క వేస్తే పన్నెండున్నర దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇట్లాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఉత్తరవు. అన్ని ఖర్చులూ కలిపిన సంవత్సరపు రేటు అందులో వుంటుంది. ఆ కాగితం అడగండి. ఇవ్వడానికి నసిగితే లేచి రండి.

"మా ఫైనాన్సు తీసుకొంటేనే ఆ 18,000" అని చివరిలో ఒక మాట వచ్చింది. ధర ముందే రాసి, ముద్ర వేసి ఇచ్చినారు కాబట్టి ఆ మాట నిలవలేదు.

బిల్లు డిసెంబరులోనే అయింది. నంబరు, ప్లేటు వచ్చేసరికి తై పుట్టింది. వదినె కోరినట్టే పొంగలి తరువాత బండి ఇంటికి వచ్చింది. తెచ్చుకొనే రోజు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బిల్లుతో సరి చూసినాం. తయారైన నెల చూసినాం. స్టెప్నీ, జాకీ వున్నాయా అని చూసినాం. ఆ కుర్రవాడే దగ్గరుండి చూపించినాడు. అతన్ని నేను తప్పు పట్టను. అతనికీ టార్గెట్ వుంది, ఇల్లు వుంది. మనవాడని అతను మనకు అన్యాయం చెయ్యలేదు. మనవాడని మేమే చదవడం మానేయబోయినాం.

చేతిలోనుంచి కట్టింది 1,72,000. కోడలి కమ్మలు చెవులకే వున్నాయి.

బండి ముందర టెంకాయ కొట్టినాక మా అన్న తలుపు తెరిచి స్టీరింగు ముందర కూచున్నాడు. డెబ్బై రెండేండ్లు. తోలలేదు, వూరకనే కూచున్నాడు. తరువాత దిగి, "ఆ కాగితాలన్నీ నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు నాతో. నేను సరే అన్నాను. మాకు అంత మాట చాలు.

సంఘంలో నా లాగా రిటైరైన గుమాస్తాలు, టీచర్లు, బ్యాంకు వాళ్లు చాలా మంది వున్నాం. మన పిల్లలు బండికో, ఇంటికో, చదువుకో సంతకం పెట్టబోతుంటే, వాళ్లు పిలిచేదాకా ఆగవద్దు. మనమే అడుగుదాం. బండి కొనబోయే తమ్ముడూ, కాగితం రాయించుకొని రా. ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే వుంటాను.