కాలువ కట్టిన దినములలో

బెజవాడ యెండ నెఱుగని వారెవ్వరును మన పాఠశాలలో లేరు. ఇంద్రకీలాద్రియు, మొగల్రాజపురపు కొండలును, గుణదల కొండయు పగలెల్ల కాగి కాగి, మనము నిద్రింపబోవు వేళకు ఆ వేడిని మెల్లమెల్లగా విడుచుచుండును. మే నెల కడపటి వారమున, రోహిణికార్తె ప్రవేశించిన పిమ్మట, ఈ పట్టణమున నుండుట యెంత కష్టమో వేఱుగ చెప్పబనిలేదు. ఏటేట ఆ వారమును మా నాయనమ్మగారి యూర గడపుట మాకు వాడుక. "పల్లెలో మాత్రము ఎండ లేదా?" అని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. కలదు. అచట గాలియు కలదు.

అవనిగడ్డ బస్సెక్కి ఉయ్యూరు, పామఱ్ఱు, కూచిపూడి దాటిన వెనుక దిగి, కాలువగట్టుమీద కొంత దూరము నడువవలెను. దారిలో ఎన్ని కాలువలు వచ్చునో లెక్కింపుడని మేము పిల్లలకు పని పెట్టుదుము. లెక్క యెప్పుడును ఒకరికొకరికి కుదురదు. ఏలయన ఆ దినములలో కాలువలు కట్టివేయబడియుండును. నీరు లేని కాలువను కాలువగా లెక్కింపవచ్చునా యని తగవు. అడుగున మిగిలిన మడుగులలో మొలబంటి బురదలో దిగి, కొఱ్ఱమట్టలను జెల్లలను పట్టు కుఱ్ఱవాండ్రను చూచుటకు మా పిల్లలు నిలిచిపోవుదురు. ఎంత పిలిచినను కదలరు.

ఈ కాలువల చరిత్ర మన విద్యార్థులు ఎఱిగియుండదగినది. 1832–33 సంవత్సరముల డొక్కల కఱవు ఈ ప్రాంతమును పీల్చి పిప్పి చేసిన యిరువదియేండ్ల వెనుక, 1855లో, బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియయ్యెను. కాటన్ దొరగారి పేరు అందఱికిని తెలిసినదే. దగ్గఱ నిలిచి కట్టించిన కెప్టెన్ చార్లెస్ ఆర్ పేరు మాత్రము మన పిల్లలలో పదుగురికైనను తెలియదు. ఆ యానకట్ట 1952లో తెగిపోగా, దానికి మాఱుగా కట్టబడిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమయ్యెను. వేసవిలో కాలువలకు నీరు ఆపి మరమ్మతులు చేయుదురు. ఆపుటకు ముందు ఊరూర చెఱువులను నింపుకొందురు. సముద్రము చేరువ గనుక మా యూర బావి త్రవ్వినను, బోరు వేసినను ఉప్పునీరే పడును. మరల కాలువ వచ్చువఱకు మనుష్యులకును, పశువులకును ఆ చెఱువే దిక్కు.

ఇక మా దినచర్య. తెలవాఱకముందే లేచుట పట్టణమున మాకు శిక్ష. అచట ఎవరును లేపకయే లేతుము. డాబామీద పండుకొన్నవారికి తూర్పు తెల్లవాఱుట ముఖముమీదనే తెలియును. పిమ్మట చద్దియన్నము, మజ్జిగ, నీరుల్లిపాయ, నిరుటి ఆవకాయ. ఎండ యెక్కకముందు పొలము చూచివత్తుము. వరి కోసి, మినుము పెఱికిన భూమి నెఱ్ఱెలు విచ్చి, చిన్నవాని పాదము అందులో దూఱునట్లుండును. తాటితోపుకడ ముంజలకాయలు దించి చెక్కి యిత్తురు. బొటనవ్రేలితో ముంజను చీల్చి నోట వేసికొనుటలో మా చిన్నవానికి ఇంకను నేర్పు రాలేదు, చొక్కా తడిసిపోవుచున్నది. నూజివీటి రసములు బుట్టలో గడ్డి క్రింద ముగ్గుచుండును. చిన్నరసము గొప్పదా, పెద్దరసము గొప్పదా యను చర్చ మా యింట ఏండ్ల తరబడి జరుగుచున్నది. మా తీర్పు చిన్నరసమునకే.

ఆవకాయ పెట్టు దినమున ఇంటిలో మగవారికి విలువ హెచ్చును, కాయ కొట్టుటకు వారే కావలెను గనుక. టెంక విడిపోకుండ ముక్క తెగవలెను. గుడ్డతో ఒక్కొక్క ముక్కను తుడుచుట పిల్లల పని. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలుపుట మాత్రము మా నాయనమ్మగారిదే. ఆమె వయస్సు తొంబదికి చేరువ, చేయి వణకుచున్నను కొలత తప్పదు. కలిపిన పళ్లెములో వేడియన్నము వేసి ముద్దలు పంచిపెట్టుదురు. ఆ ముద్దకు సాటియైన విందు మేమెచటను ఎఱుగము. జాడీకి వాసెన కట్టి మూలకు జరుపునప్పటికి మధ్యాహ్నము దాటును.

మధ్యాహ్నము పడమటిగాలి నిప్పువలె వీచును. తలుపులు మూసికొని నులకమంచముల మీద పడియుండుటయే పని. సాయంకాలము కాకముందే గాలి ఒక్కసారి ఆగును, ఆకు కదలదు. పిమ్మట ఆగ్నేయమునుండి పైరగాలి మొదలగును. నేల త్వరగా వేడెక్కును, సముద్రము మెల్లగా వేడెక్కును. నేలమీది గాలి పైకెగయగా సముద్రపుగాలి ఆ చోటునకు వచ్చును. ఈ పాఠమును మేము తరగతిలో నల్లబల్లపై బాణపుగుర్తులు గీసి యెన్నియో సార్లు చెప్పితిమి. పల్లెలో తలుపు తెఱచిన చాలును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువుకొన్న కాలమున, ప్రకృతిపాఠమునకు పిల్లలను ఆరుబయటికి కొనిపోవలెనని మాకు నేర్పిరి. నాటినుండి యిరువదియేండ్లలో అట్లు కొనిపోవ వీలుచిక్కిన దినములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. బెజవాడలో వేసవి సెలవులు సైతము పరీక్షల శిక్షణకే పోవుచున్నవి. తలిదండ్రుల భయము మాకు తెలియనిది కాదు. అయినను ఒక్క వారముకొఱకు మేము వారితో వాదింపక మానము.

పైరగాలి వేళకు మా నాయనమ్మగారు కఱ్ఱ చేతబట్టుకొని చెఱువునకు బయలుదేరుదురు. ఇది ఆమెకు నిత్యనియమము. నీరు తెచ్చుటకు కాదు. ఇంటికి ఇరువది లీటర్ల డబ్బాతో శుద్ధిచేసిన నీరు వచ్చుచున్నది. ఆమె మెట్లమీద కూర్చుండి, రెండు మెట్లు క్రిందికి దిగి, పాదములు నీటిలో నుంచుకొని, చీకటిపడువఱకు అట్లే యుండును. మాటాడదు. పదియవ తరగతి పరీక్షలు వ్రాసి వచ్చిన మా యమ్మాయి ఈ యేడు ఆమె ప్రక్కన కూర్చుండి, "రోజూ ఇక్కడ ఏం చేస్తావు, తాతమ్మా?" అని అడిగెను.

"కాపరానికి వచ్చిన కొత్తలో ఆ గట్టుమీద కూర్చునేదాన్నే, కడవ ముందు పెట్టుకుని. ఎవరన్నా దయతలచి ముంచి పోస్తే నీళ్లు. లేకపోతే లేదు. ఒక్కోనాడు పొద్దు గూకేది."

"దిగి నువ్వే ముంచుకోవచ్చుగా?"

ఆమె నవ్వెను. "ఎవరు దిగనిస్తారే, మన పేటోళ్లని?"

అంటరానితనమును నిషేధించిన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. దానిని శిక్షార్హము చేయు చట్టము 1955లో వచ్చెను. ఈ రెండు తేదీలును మా యమ్మాయి పరీక్షకొఱకు కంఠస్థము చేసినవే. చట్టము వచ్చినను చెఱువుమెట్లు ఆ దినముననే తెఱువబడలేదు. కొన్ని వేసవులు గడచిన వెనుక, ఒక యెండకాలమున, మా తాతగారును పేటలోని మఱి నలుగురును కడవలతో దిగిరి. కేకలును తోపులాటయు జరిగెను. రెండు కడవలు పగిలెను. పిమ్మట ఊరిపెద్దలు కూర్చుండి యొప్పుకొనిరి. మఱునాడు మా నాయనమ్మగారు దిగిరి. "మోకాళ్లదాకా దిగానే. కడవ ముంచడం మరిచిపోయి, ఊరికే నిలబడ్డాను. మీ తాతయ్య గట్టుమీదినుంచి కేకేశాడు, నీళ్లు పట్టుకోవే అని."

ఈ కథ మేము చిన్నప్పుడే వినియుంటిమి. మా యమ్మాయి వినుట అదే మొదలు. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట తన చెప్పులు విడిచి, తాతమ్మ ప్రక్కన పాదములు నీటిలో పెట్టెను.

ఇప్పుడా చెఱువు ఒక మూల గుఱ్ఱపుడెక్కతో నిండియున్నది. డబ్బానీరు వచ్చినప్పటినుండి దానిని పట్టించుకొనువారు తగ్గిరి. శుక్రవారము ఉదయమున ఊరి యువకులు దానిని తీయుటకు పూనుకొనగా, మేమును మా పిల్లలును వెంట దిగితిమి. పేటవారును, ఊరివారును ఒకే త్రాటిని పట్టి లాగినారు. ఆ డెక్క చూచుటకు అందముగా నుండును. లాగునప్పుడు దాని వేళ్ల బరువు తెలియును. తొమ్మిది గంటలకు ఎండ తఱిమివేసినది. సగమైనను తీయలేదు, కాని మెట్లకెదురుగా నీరు కనబడినది. ఆ పూట మేము తిన్నంత యన్నము ఏడాదిలో ఎన్నడును తినలేదు.

శనివారము బండి కుదుర్చుకొని ఘంటసాల పోయి, బౌద్ధుల మహాచైత్యపు దిబ్బను చూచివచ్చితిమి. పిల్లలకు శిల్పములకంటె దారిలో త్రాగిన సోడాయే యెక్కువ నచ్చినట్లున్నది. ఆదివారము పేటలోని చిన్న దేవాలయమున ఆరాధన ముగిసిన పిమ్మట, వేపచెట్టు క్రింద బంధువులందఱును కూర్చుండి, ఎవరి పిల్లలు ఏమి చదువుచున్నారో ఒకరినొకరు విచారించిరి. రాత్రి డాబామీద మల్లెల వాసన. విద్యుత్తు పోయినప్పుడు చుక్కలు హెచ్చినట్లు తోచును. ఉత్తరముననున్న సప్తర్షులను మా నాయనమ్మగారు ముసలమ్మ మంచపుకోళ్లనియు, వెంటనున్న మూడును దొంగలనియు చూపుదురు. దొంగలు ఇంతవఱకు మంచమును ఎత్తుకొని పోలేకపోయిరి.

తిరుగు ప్రయాణమునకు ముందటి సాయంకాలమున మా యమ్మాయి తానే కడవ తీసికొని మెట్లు దిగి నీరు ముంచి తెచ్చెను. నీరు కొంచెము మట్టిరంగుగా నుండెను. మా నాయనమ్మగారు చిల్లగింజను కడవలోపల అరగదీసి మూతపెట్టిరి. తెల్లవాఱునప్పటికి మట్టి అడుగున దిగి నీరు తేఱియుండెను. మేము దానిని కాచి చల్లార్చి కుండలో పోసితిమి. కాచినచో రుచి పోవునని ఆమె సణుగుచునే యుండిరి. మా యమ్మాయి నిలుచుండియే రెండు గ్లాసులు త్రాగి, మూడవదానిని సీసాలో పోసికొని, బస్సునకు వేళయైనదని గట్టుదారిని పరుగెత్తెను. వెనుక ఆవకాయ జాడీని మోయుట మా వంతయ్యెను.