తిరిగిన పంకా

2024 మే నెలలో బరంపురము నుండి తప్తపాణి కనుమ నెక్కుచుండగా మా జీపు రేడియేటరులో నీరు సలసల మరగినది. మాలో ఒకడు మూత విప్పబోగా డ్రైవరు మామయ్య, “ఆగండర్రా, ముఖం కాలుతుంది!” అని వారించెను.

ఇంజను నాపి ఆయన పంకాను చేతితో త్రిప్పెను. అంత వేడిలో అది ఎదురుబలము చూపవలెను; కాని గిరగిర తిరిగెను. నడిమి కప్లింగునందలి సిలికాను నూనె కారిపోయినది. వేడిగాలి సోకినపుడు ముందరి ద్విలోహపు పట్టీ కవాటమును తెరచును. నూనె లోనికి ప్రవహించి పంకాను ఇంజనుతో జతపరచును. నూనె లేని పంకా తిరుగును గాని చాలినంత గాలి నీడ్వదు.

చల్లారిన పిమ్మట మెల్లగా వెనుదిరిగితిమి. మరునాడు క్రొత్త కప్లింగును, నూనె కారకుండ నిలువుగనే యుంచి, బిగించుట చూచితిమి.

సోదర విద్యార్థులారా! నోరు తిరిగినను మనస్సు పట్టని చదువు నట్టిదే గదా!